ఓడ ప్రయాణమున పసివాని బండి

మా గ్రామమునందలి మిత్రు లొకరు, వయస్సున నాకంటె రెండేండ్లు పెద్దవారు, మొన్న సాయంకాలము మా వీథి యరుగుమీద కూర్చుండి న న్నొక ప్రశ్న యడిగిరి. "పంతులుగారూ, మా అబ్బాయి అమెరికాకు రమ్మని టిక్కెట్లు పంపినాడు. అక్కడికి చేరిన పిమ్మట అందరమును కలిసి నాలుగు దినములు ఓడమీద తిరిగి వత్తమని ఫోనులో చెప్పినాడు. మనుమరాలికి ఏడాదిన్నర. దాని బండిని ఓడమీదికి తీసికొని పోవలెనా, ఇంటియొద్ద విడిచిపెట్టవలెనా యని కొడుకును కోడలును తర్జనభర్జన పడుచున్నారట. మీరు పోయి వచ్చినవారు గదా, ఏమందురు?" అనిరి.

ప్రశ్న చిన్నదిగనే కనబడును. నాకును మొదట నవ్వు వచ్చినది. కాని ఆ చిన్న బండి విషయమున నేను మొండిపట్టు పట్టి, ఒక మధ్యాహ్నమున పరదేశపు రాతిమెట్లమీద మనుమని నెత్తుకొని, ముందునకు పోలేక వెనుకకు దిగలేక నిలిచిపోయినవాడను. అది జ్ఞప్తికి రాగా నవ్వు ఆగిపోయినది. ఆనాడు వారితో చెప్పిన మాటలనే కొంచెము క్రమపరచి మీకును విన్నవించుచున్నాను. ఈ దినములలో పిల్లలు విదేశములం దుండని యూరు మన ప్రాంతమున అరుదు. నేడు కాకున్న రేపు మీలో కొందరికి ఈ ప్రశ్న ఎదురు కాగలదు.

విహారనౌక యనగా ఒక రేవునుండి మరియొక రేవునకు జనులను దాటించు ఓడ కాదు. బయలుదేరిన రేవునకే అది తిరిగి వచ్చును. నడుమ రెండు మూడు తావుల నాగును. ఉదయము దిగి ఊరు చూచి సాయంకాలమునకు మరల ఓడ నెక్కవలెను. భోజనము, నిద్ర, వినోదము అన్నియు అందే. 2024వ సంవత్సరము జనవరిలో ప్రయాణములు మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అను నౌక పొడవు 365 మీటరులు, అంతస్తులు 20. మా యూరి పెద్దవీథి మొదటినుండి తుదివరకు నడచినను అంత దూరము లేదు. మే మెక్కిన ఓడ దానికంటె చిన్నదియే. అయినను గదినుండి భోజనశాలకు పోయి వచ్చుటయే ఒక నడక. ఆ నడకను దినమునకు ఆరేడు పర్యాయములు నడువవలెను. పసివాడు మొదటి పర్యాయము గంతులు వేయుచు నడచును. రెండవ పర్యాయము చేయి పట్టుకొనును. మూడవ పర్యాయము కాళ్లకు చుట్టుకొని ఎత్తుకొమ్మనును.

ఇక బండి సంగతి. దీనిని అచ్చట స్ట్రోలరందురు. బిడ్డను కూర్చుండబెట్టి, నడుమునకు భుజములకు పట్టీలు బిగించి, వెనుకనుండి త్రోసికొని పోవు చిన్న బండి అది. దీని పుట్టుక గొప్పయింటనే. 1733వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం కెంటు అను నతడు డెవన్‌షైరు ప్రభువు పిల్లలకొరకు గుల్ల యాకారమున నొక బండిని కల్పించెను. దానిని లాగుటకు మేకను కట్టెడివారు. తరువాత రెండువందల యేండ్లకు పైగా ఈ బండ్లు పెద్దవిగను బరువైనవిగనే యుండెను. విమానముల చక్రముల యమరికయందు ఆరితేరిన ఓవెన్ మక్లారెను అను ఇంగ్లీషు ఇంజనీరు 1965లో అల్యూమినియపు గొట్టములతో, గొడుగువలె ముడుచుకొను బండిని కనిపెట్టెను. దాని బరువు 6 పౌనులు, అనగా మూడు కిలోలకు లోపు. అప్పటికే అతడు తాతగారు. బరువైన బండితో ప్రయాణములు చేయలేక తన కుమార్తె విసుగు చెందుట చూచి అతడీ పనికి పూనుకొనెనని చెప్పుదురు. మనుమల బరువు తాతలకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు గదా.

ఈ రెండు జాతులును నేటికిని ఉన్నవి. మా అమ్మాయి యింట రెండును కలవు. ఒకటి మూడు చక్రముల పెద్ద బండి. పదునొకండు కిలోలు తూగును. గతుకుల దారిలో హాయిగా పోవును. రెండవది గొడుగుబండి, చక్రములు చిన్నవి, ఒక చేతితో ముడిచి చంకలో పెట్టుకొనవచ్చును. మా మిత్రులు "బండి తీసికొని పోవలెనా వలదా" యని యడిగిరి గాని, అడుగవలసిన మొదటి మాట "ఏ బండి?" అనునది.

పెద్ద బండిని ఓడమీదికి తీసికొని పోరాదని నా నిశ్చితాభిప్రాయము. కారణము గది. ఓడలో సామాన్యపు గది మన పల్లెటూరి వంటయింటికంటె పెద్దదిగా నుండదు. ద్వారము వెడల్పు రెండడుగులకు లోపుగ నుండుట పరిపాటి. అందు మంచము, సోఫా, చిన్న బల్ల, స్నానపుగది యుండును. పసివాడున్నచో ఓడవారు వాని నిద్రకొక మడత తొట్టి నిచ్చెదరు. దానిని పరచినంతనే మిగిలిన నేల చెల్లిపోవును. పెట్టెలు మంచము క్రిందికి పోవును. పెద్ద బండి యెచ్చటికి పోవును? బయట నడవలో నుంచుదమన్న ఓడవారు ఒప్పుకొనరు. ఇది వారి పెంకెతనము కాదు. నిప్పంటుకొని దీపము లారి పొగ క్రమ్మినపుడు ఆ ఇరుకు నడవలోనే వందలకొలది జనులు గోడ తడవుకొనుచు పోవలెను. అడ్డముగ నున్న ఒక్క బండి పదిమందిని పడద్రోయును. చక్రముల కుర్చీలలో తిరుగువారికిని ఆ నడవయే దారి. కావున బండిని ముడిచి గదిలోనే యుంచవలెను. కవలపిల్లల జంటబండియైనచో ద్వారముననే పట్టకపోవచ్చును. దానిని కొలిచి, గది ద్వారపు కొలతను ముందుగ కనుగొని, ఆ పిమ్మటనే నిర్ణయించుకొనవలెను.

కొన్ని ఓడలయందు స్ట్రోలర్లను అద్దెకో అరువుకో ఇచ్చెదరు. వాని సంఖ్య తక్కువ. ముందు వచ్చినవారికే దక్కును. ఒడ్డునకు తీసికొని పోనిత్తురో లేదో వేరుగ అడుగవలెను. దీనినే నమ్ముకొని చేతులూపుకొని పోవుట నాకు నచ్చదు.

చిన్న బండివలన ఓడలో గలుగు మేలు నడకకంటె నిద్ర విషయమున నెక్కువ. రాత్రి భోజనము ఎనిమిది గంటల పంక్తియైనచో, బిడ్డ రెండవ వడ్డన రాకముందే తూలును. బండి యున్నచో వీపు వాల్చి పరుండబెట్టి పెద్దలు భోజనము ముగించవచ్చును. లేనిచో ఒకరు బిడ్డతో గదికి పోవలెను. ఆ పోవువారు సాధారణముగ తల్లియో అమ్మమ్మయో యగుదురు. అందరికొరకు చేసిన ప్రయాణమున ఇద్దరు స్త్రీలు వంతులవారీగ గదిలో కూర్చుండుట నేను కన్నులార చూచితిని. మూడేండ్లు నిండి డయపరు మానిన పిల్లలకు ఓడలో ఆటశాల లున్నవి. అంతకంటె చిన్నవారిని చూచు ఏర్పాటు కొన్ని ఓడలలోనే కలదు. డయపరు మానని పిల్లలను ఈతకొలనులలో దిగనీయరు. వారికి నీళ్లు చిమ్ము వేరు తావు కొన్నింట నుండును. అనగా ఏడాదిన్నర బిడ్డ దినమంతయు తనవారి చేతులలోనో, బండిలోనో యుండవలసినదే.

బండిని వాడుటయందు కొన్ని జాగ్రత్తలు కలవు. ఓడ యెంత పెద్దదైనను సముద్రము సముద్రమే. నీటిలోపల ఱెక్కలవంటి పలకలు చాచి ఊగిసలాటను తగ్గించెదరు గాని పూర్తిగ మాన్పలేరు. నిలిపిన ప్రతిసారియు చక్రముల బిగింపు వేయవలెను. గదికి సముద్రమువైపు వసారా యున్నచో ఆ కటకటాలయొద్ద బండి నుంచనే రాదు. పట్టీ విప్పుకొన్న పిల్లవానికి అదొక మెట్టగును. మూడవది అందరును చేయు తప్పు. త్రోయు పిడికి సంచులు తగిలించుట! బిడ్డ లోపలనున్నంతసేపు తూకము సరిపోయినట్లుండును. బిడ్డ నెత్తినంతనే బండి వెల్లకిల పడును. బిడ్డ లోపలనుండగనే పడుటయు కలదు. భాగవతమున యశోదాదేవి నిద్రించు బిడ్డను బండి క్రింద పరుండబెట్టగా ఆ పసివాడు కాలు జాడించి దానిని తలక్రిందులు చేసిన కథ మీరందరు నెరుగుదురు. మన మనుమలు తన్నినను బండి తలక్రిందులే; వారిని కాపాడుటకు మాత్రము మనమే యుండవలెను.

ఓడ దిగు తావులనుబట్టి నిర్ణయము చాలవఱకు మారును. కొన్ని రేవులలో ఓడ ధక్కాను ఆనుకొని నిలుచును. వంతెనమీదుగా బండి త్రోసికొని దిగవచ్చును. బహామా దీవుల రాజధాని నస్సావు అట్టిది. మఱికొన్ని తావుల పెద్ద ఓడ దూరముగ లంగరు వేసి నిలుచును. జనులను చిన్న పడవలలో దించి ఒడ్డునకు చేర్చెదరు. కేమను దీవులలోని జార్జిటౌను అట్టిది. చిన్న పడవలోనికి అడుగిడునపుడు అది పైకి క్రిందికి కదలుచుండును. బిడ్డను ఒకరు ఎత్తుకొనవలెను, బండిని ముడిచి మరియొకరు పట్టుకొనవలెను, ఇద్దరికిని ఒక్కొక చేయి ఖాళీగ నుండవలెను. పెద్ద బండితో ఇది సాగదు. ఇక ఇసుకతిన్నెలపై చిన్న చక్రములు దిగబడిపోవును. అచ్చట ఏ స్ట్రోలరును పనికిరాదు. ఉప్పునీరు తగిలినచో మంచినీటితో కడుగనిదే కీళ్లు త్రుప్పు పట్టును.

ఇప్పుడు నా సంగతి చెప్పెదను. 2024వ సంవత్సరము మే నెలలో మేము ఫ్లోరిడాలోని కెనావెరలు రేవునుండి నాలుగు రాత్రుల ప్రయాణమునకు బయలుదేరితిమి. నేనును, మా గృహిణియు, అమ్మాయి, అల్లుడు, ఇరువది నెలల మనుమడు. అమ్మాయికి అప్పు డైదవ నెల. ప్రయాణము ముగియులోపల ఇరువదినాలుగవ వారము ప్రవేశించు గర్భిణులను ఓడలవారు ఎక్కనీయరు. ఆ గడువునకు లోపలనే యుండుటచే వైద్యురాలి యనుమతితో వచ్చినది. బరువు లెత్తరాదని మాత్రము గట్టిగ చెప్పిరి. మా గృహిణికి రెండు మోకాళ్లును సరిగా లేవు. పదునొకండు కిలోల బిడ్డ నెత్తుటకు మిగిలినవారము అల్లుడును నేనును.

ఇంత తెలిసియు నేను, "బండి యెందులకు? మా తరమువారు మిమ్ములను చంకలలోనే పెంచితిమి గాని బండ్లలో పెంచలేదు" అంటిని. అమ్మాయి, "నాన్నగారూ, మీరు నన్నెత్తుకొని తిరిగినపుడు మీకు ముప్పదియేండ్లు" అనినది. ఆ మాట నాకు రుచింపలేదు. పేచీ పెంచక ఆమె గొడుగుబండిని తెచ్చినది. ఓడలో రెండు దినములు దానిని వాడిరి. నస్సావులో దిగునాడు మాత్రము నేనే పట్టుబట్టి దానిని గదిలో విడిపించితిని. మన దేశమునందువలెనే అచ్చటను వాహనములు ఎడమప్రక్కన పోవును. అది చూచి నాకు సొంతయూరికి వచ్చినంత ధైర్యము కలిగినది కాబోలు.

ఆ పట్టణమున 'క్వీన్స్ స్టెయిర్‌కేస్' అను మెట్లదారి కలదు. సున్నపురాతి కొండను నిలువున చీల్చి, పదునెనిమిదవ శతాబ్ది చివర బానిసలచేత చెక్కించినది. అరువదికి పైగా మెట్లు. ఓడరేవునుండి అచ్చటికి నడచునప్పటికే ఎండ ముదిరినది, పిల్లవాడు నా భుజముమీద నిద్రపోయినాడు. నిద్రించు బిడ్డ మేల్కొన్న బిడ్డకంటె రెట్టింపు బరువు. వాడు మెడ పట్టుకొనడు, కాళ్లు బిగింపడు, నీళ్లు నింపిన తోలుతిత్తివలె జారుచుండును. అల్లుడు మా గృహిణి చేయి పట్టుకొని ముందు నడచుచుండెను. సగము మెట్లు ఎక్కువఱకు నాకు ఊపిరి అందలేదు. మోకాళ్లు వణకినవి. కుడిచేయి మొద్దువారినది. మెట్ల నొరసికొని నీరు జారుచుండుటచే అంచులు తడిగా నున్నవి. "పడిన నేను ముందుకు పడవలెనా, వెనుకకు పడవలెనా, ఎటు పడిన బిడ్డకు దెబ్బ తగులకుండును" అని నేనచ్చట నిలుచుండి లెక్కించుకొంటిని. ఆ లెక్క ఇప్పటికిని రాత్రులయందు జ్ఞప్తికి వచ్చును.

పిలుచుటకు నోరు రాలేదు. నోరు రాకపోవుట ఆయాసముచేత సగము, అభిమానముచేత సగము. వెనుకనున్న అమ్మాయి నా నడక చూచి, "నాన్నగారూ, ఆగండి, కూర్చుండండి" అని కేకవేసి భర్తను పిలిచినది. నేను మెట్టుమీద కూర్చుంటిని. అల్లుడు పరుగున దిగివచ్చి బిడ్డ నందుకొనెను. "మామయ్యగారూ, ముందే చెప్పరాదా?" అని తప్ప మరేమియు ననలేదు. మంచినీళ్లు త్రాగి, వాహనము కుదుర్చుకొని రేవు చేరితిమి.

ఆ మెట్లపై బండి యుండినను పనికివచ్చెడిది కాదు గదా యని మీరనవచ్చును. నిజమే. కాని రేవునుండి మెట్లవఱకు బండిలో వచ్చియుండినచో నా చేతులయందు బలము మిగిలియుండెడిది. మెట్లయొద్ద బండిని ముడిచి నేను మోసికొని, బిడ్డను అల్లుని కిచ్చియుండెడివాడను. బండి యున్నంతమాత్రమున ఎత్తుకొనుట తప్పదు. ఎప్పు డెత్తుకొనవలెనో, ఎవ రెత్తుకొనవలెనో మన మెన్నుకొనుటకు అది వీలు కలిగించును.

ఇట్టి తావులకు బిడ్డను ఱొమ్మునకు గట్టుకొను పట్టీసంచి బండికి తోడుగ నుండుట మేలు. లంబాడీ తల్లులు గుడ్డతో బిడ్డను వీపున గట్టుకొనుట మీరు చూచియే యుందురు. అదియే ఇప్పుడు బక్కిల్సు తగిలించుకొని అంగళ్లలో హెచ్చు వెలకు అమ్ముడుపోవుచున్నది. చేతులు రెండును ఖాళీగ నుండుట దానిలోని సుఖము.

ఓడ యెక్కిననాడే జరిగిన మరియొక సంగతి యున్నది. నస్సావులో నాకు బుద్ధి వచ్చుటకు ముందే అది రావలసినది, నేను గమనింపలేదు. ఓడ కదలకముందే ప్రయాణికులందరికిని ఆపద వచ్చినపుడు ఎచ్చట గుమిగూడవలెనో చూపించెదరు. ఏడు పొట్టికూతలు, పిమ్మట ఒక పొడవుకూత వినబడినచో అచ్చటికి పోవలెను. 1912లో టైటానికు మునిగిన తరువాత 1914లో లండనునందు పలు దేశములు కూడి ఓడల భద్రతకు మొదటి ఒడంబడిక చేసికొన్నవి. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా అను విహారనౌక రాతికి తగిలి ఒరిగి 32 మంది మరణించిరి. ఆనాడు ఎక్కినవారిలో అనేకులకు ఈ పాఠ మింకను చెప్పబడలేదు. అప్పటికి ఇరువదినాలుగు గంటల గడువుండెడిది. 2015 జనవరినుండి ఓడ బయలుదేరుటకు ముందుగాని బయలుదేరిన వెంటనేగాని చెప్పితీరవలెనని నియమమైనది. అపశకునపు మాట లెందులకని కొందరు పెద్దలు చెవులు మూసికొందురు. పెండ్లిపందిటిలో నీళ్లబిందె లుంచుట అపశకునమా?

మా గది తొమ్మిదవ అంతస్తున, మేము గుమిగూడవలసిన తావు నాలుగవ అంతస్తున. ఆపదవేళ లిఫ్టులు వాడరాదు. సామానును, బండిని గదిలోనే విడువవలెను. ఆనాడు పిల్లవానికి సరిపడు లైఫుజాకెట్టును అడిగి తీసికొంటిమి. కాని ఐదంతస్తుల మెట్లు బిడ్డ నెవరు దింపుదురు, మోకాళ్లు లేని మా గృహిణి చేయి ఎవరు పట్టుకొందురు, ఐదవ నెల గర్భిణికి తోడెవ్వరు అని మేము మాటలాడుకొనలేదు. నస్సావునుండి తిరిగి వచ్చిన రాత్రి అమ్మాయియే ఆ మాట యెత్తినది. బిడ్డ అల్లుని వంతు, అమ్మ నా వంతు, తాను మా ఇద్దరి ముందు కమ్మి పట్టుకొని దిగుట. అట్లు నిర్ణయించుకొని, మరునాడు మెట్లదారి నొక పర్యాయము నిజముగనే దిగి చూచితిమి. మా గృహిణికి పదునాలుగు నిమిషములు పట్టినది.

మా మిత్రులకు నేను చెప్పినది ఇంతియే. గొడుగుబండిని తీసికొని పొండు, పెద్దదానిని ఇంట నుంచుడు. ఓడ ధక్కాకు తగులునో, లంగరు వేసి నిలుచునో అబ్బాయిని ఇప్పుడే యడుగుడు. బిడ్డ నెత్తుకొని మెట్లు దిగగలవా రెవరో, ఎన్ని మెట్లు దిగగలరో దాపరికము లేకుండ ఇంటిలో మాటలాడుకొనుడు. వారు కొంతసేపు మౌనముగ నుండి, "మనుమరాలు పది కిలోలట" అని లేచి వెడలిపోయిరి. మరునాటి యుదయము వారి యింటి ముందుగ పోవుచుండగా, పది కిలోల బియ్యపుసంచిని భుజముమీద వేసికొని మేడమెట్లు ఎక్కుచు దిగుచు కనబడిరి. ఎన్నవ పర్యాయమని యడుగగా చేతితో మూడని సంజ్ఞ చేసి, గోడ కానుకొని నిలిచిరి.